గుమ్మం దగ్గర నిలబడాల్సిన మనిషి

కోటప్పకొండ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లోనైనా జబ్బుమనిషి పెద్దాసుపత్రి నుంచి తిరిగొచ్చాడంటే ఆ సాయంత్రానికి అరుగు నిండిపోతుంది. ఆపిల్ పండ్లు, హార్లిక్స్ సీసా, కొబ్బరిబోండాలు పట్టుకుని చుట్టాలొస్తారు. "ఎట్టుంది అబ్బాయికి?" అంటూ మంచం దాకా వచ్చి, నుదుటి మీద చెయ్యేసి చూసి, నాలుగు ధైర్యపు మాటలు చెప్పి పోతారు. ఇది మన పల్నాటి మర్యాద. దాని వెనకున్న ప్రేమ నిజమైనదే. కానీ హైదరాబాదులోనో రాయవేలూరులోనో బోన్‌మ్యారో మార్పిడి చేయించుకుని వచ్చిన మనిషికి ఆ సాయంత్రం ప్రమాదకరమైనది.

ఈ అధ్యాయం ఆ మనిషి పక్కన ఉండే మీ కోసం. భార్య కావచ్చు, తల్లి కావచ్చు, అన్న కావచ్చు. మార్పిడి అయ్యేదాకా భారమంతా డాక్టర్లది. డిశ్చార్జి కాగితం చేతికొచ్చిన రోజు నుంచి సగం వైద్యం మీ చేతుల్లోకి వస్తుంది. ఆ సగంలో పెద్ద పని గుమ్మం దగ్గర నిలబడటం. ఎవరు లోపలికి రావాలి, ఏ వస్తువు రావాలి, ఇంట్లో నుంచి ఏ కబురు ఎంత తొందరగా ఆసుపత్రికి పోవాలి అన్నది చూసుకోవటం. మన ఊళ్లలో ఇంతకన్నా కష్టమైన పని లేదు. వచ్చిన మనిషిని గుమ్మంలో ఆపటమంటే ఇక్కడ అవమానించటం కిందే లెక్క.

ఒంట్లో ఏం జరిగిందో తెలిస్తే ఆపే ధైర్యం వస్తుంది. మార్పిడి అనగానే ఎముక కోసి కొత్తది పెట్టారనుకుంటారు చాలామంది. రోగికి కోత ఏమీ ఉండదు. గట్టి కీమోతో, కొందరికి రేడియేషన్ కూడా కలిపి, ముందు ఎముకల్లోని పాత మూలుగను (బోన్‌మ్యారోను) ఖాళీ చేస్తారు. తర్వాత రక్తాన్ని పుట్టించే మూలకణాలను రక్తం ఎక్కించినట్టే సంచిలోంచి నరంలోకి ఎక్కిస్తారు. డాక్టర్లు ఆ రోజును సున్నా రోజు అంటారు. అక్కణ్ణుంచి ఒకటి, రెండు అని లెక్క. ఎక్కించిన కణాలు రక్తంలో తిరిగి వాటంతట అవే ఎముకల్లోని మూలుగకు చేరతాయి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో కొత్త రక్తం పుట్టించటం మొదలుపెడతాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల కౌంటు వరుసగా మూడు రోజులు 500 దాటి నిలబడితే నాటుకున్నట్టు లెక్క. మిరప నారు నాటే మనకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. నారు బతికినంత మాత్రాన కాయ కోతకొచ్చినట్టు కాదని మనకు తెలుసు.

నాటుకున్నాక కూడా ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి పసిబిడ్డకు ఉన్నంతే ఉంటుంది. చిన్నప్పుడు వేయించిన టీకాల బలం చాలావరకు పోతుంది. అందుకే ఆరు నెలల నుంచి ఏడాది లోపు టీకాలను మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. తట్టు, ఆటలమ్మ టీకాల్లో బలహీనపరిచిన క్రిములు బతికే ఉంటాయి కాబట్టి వాటిని రెండేళ్లు నిండి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఆగాక గానీ వేయరు. దాతది వేరే బ్లడ్ గ్రూపైతే రోగి గ్రూపు కూడా నెమ్మదిగా దాత గ్రూపుకు మారిపోతుంది. మంచం మీద మీకు కనిపిస్తున్నది నలభయ్యేళ్ల మనిషి. అతని ఒంట్లో తిరుగుతున్న రక్తానికి మాత్రం ఇంకా నలభై రోజులే. పురిటి ఇంట్లోకి ఎవర్ని పడితే వాళ్లని మనం రానీయం కదా. ఇదీ అలాంటి ఇల్లేనని చెప్పండి, మన పెద్దవాళ్లకు చప్పున అర్థమవుతుంది.

పక్కింటివాళ్ల అనుభవంతో మీ మనిషిని పోల్చకండి. మార్పిడుల్లో రెండు రకాలున్నాయి. మైలోమా లాంటి రక్త క్యాన్సర్లలో రోగి కణాలనే ముందు తీసి దాచి, కీమో తర్వాత తిరిగి ఎక్కిస్తారు. 'టక్కరి దొంగ'లో మహేశ్ బాబు పక్కన నటించిన లీసా రే గుర్తుందా? ఆమెకు 2009లో మైలోమా అని తేలింది. తన కణాలతోనే మార్పిడి చేయించుకుని, 2010 ఏప్రిల్‌లో క్యాన్సర్ జాడ లేదని ప్రకటించింది. తర్వాత జబ్బు తిరగబెట్టింది. మళ్లీ వైద్యం చేయించుకుంది, పని మానలేదు, 2019లో ఆత్మకథ అచ్చు వేయించింది. ఈ రకం మార్పిడిలో కోలుకోవటం కొంచెం త్వరగా ఉంటుంది. లుకేమియా, అప్లాస్టిక్ ఎనీమియా, తలసీమియాల్లో అన్నో చెల్లెలో ఇంకొకరో ఇచ్చిన కణాలు ఎక్కిస్తారు. అప్పుడు దారి పొడవెక్కువ. వచ్చిన కొత్త కణాలు ఒక్కోసారి రోగి ఒంటినే పరాయిదనుకుని దాడి చేస్తాయి. డాక్టర్లు జీవీహెచ్‌డీ అనేది దీన్నే. కింద చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఈ రెండో రకం వాళ్ల కోసం.

వచ్చిన మనిషిని ఆపటం ఎలా? నెపం డాక్టరు మీద వేయండి, అందులో తప్పేమీ లేదు, అది నిజం కూడా. "వంద రోజులు దాటేదాకా ఎవర్నీ లోపలికి పంపొద్దన్నారు బాబాయ్, అరుగు మీద కూర్చో, కిటికీలోంచి మాట్లాడిస్తా" అనండి. "ఏందమ్మా, మేం పరాయివాళ్లమా?" అని నొచ్చుకునేవాళ్లు ఉంటారు. ఆ మాటకు జవాబు చెప్పే బాధ్యత ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరికి ముందే అప్పగించండి. కోడలు ఆపితే గొడవయ్యే చోట పెదనాన్న ఆపితే ఎవరూ నోరెత్తరు. ఆపిన ప్రతి మనిషికీ ఒక పని చెప్పండి. చూడటానికి వచ్చినవాడు ఏదో ఒకటి చేసి పోవాలనే వస్తాడు. గేదెల పని చూడమనండి, పత్తి చేలో కూలీలను చూసుకోమనండి, వచ్చే వారం ఆసుపత్రికి కారు మాట్లాడమనండి. పని అప్పగించాక అవమానం అనే మాట రాదు. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు, ఒంటి మీద ఆటలమ్మ పొక్కులున్న పిల్లలు మాత్రం అరుగు దాకా కూడా రాకూడదు. ఇంట్లో చంటిపిల్లలకు పోలియో చుక్కలు వేయించాల్సి వస్తే ముందు మార్పిడి డాక్టర్‌కు చెప్పండి. చుక్కల్లోని క్రిమి కొన్ని వారాలపాటు పిల్లల మలంలో బయటికొస్తుంది.

మనుషులతో పాటు గుమ్మం దాటి వచ్చేవి ఇంకా ఉన్నాయి. పొద్దున్నే వాకిట్లో పేడ కళ్లాపి చల్లే ఇళ్లు మనవి. పేడలో, వరిగడ్డి వాములో, తడి మట్టిలో బూజు జాతి క్రిములుంటాయి. ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తులు వాటిని పట్టించుకోవు. కొత్త మూలుగ ఉన్నవాడికి అవి ప్రాణం మీదకు తెస్తాయి. ఈ ఏడాది ఉత్త నీళ్లు చల్లి ముగ్గు వేయండి. కల్లంలో మిరపకాయ ఆరబోసి తొడిమలు తీసే పని ఇంటి ముందు వద్దు, ఆ ఘాటు, ఆ దుమ్ము అతని దాకా రాకూడదు. గేదెల పాక మంచానికి దూరంగా ఉండాలి. కోళ్లూ అంతే. ఇల్లు పడగొట్టి కట్టుకునే ఆలోచనుంటే వాయిదా వేయండి. రైతు అయితే రెండో నెలకే "చేలోకి ఒక్కసారి పోయొస్తా" అంటాడు. ఆ మాట ఒంట్లోకి ప్రాణం తిరిగొస్తుందన్న గుర్తు, సంతోషించండి. కానీ పంపకండి. మట్టి పనికి, పురుగు మందు కొట్టే పనికి డాక్టరు సరేనన్నాకే, అది ఏడాదైనా సరే.

ఇక జ్వరం. ఈ అధ్యాయంలో ఒక్క పేరానే చదివే తీరిక ఉంటే దీన్ని చదవండి. థర్మామీటర్‌లో 100.4 కనిపించిందంటే అది ఈ ఇంట్లో మామూలు జ్వరం కాదు. రాత్రి రెండు గంటలైనా సరే మార్పిడి ఆసుపత్రి నంబరుకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన చోటికి బయలుదేరాలి. తెల్లారనిద్దాం అనుకున్న ఆరు గంటల్లో రక్తంలో క్రిములు ఒళ్లంతా పాకిపోగలవు. ముందే పారాసిటమాల్ వేసి జ్వరాన్ని కప్పిపెట్టకండి. ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిచి సూది వేయించటం మన అలవాటు, ఇక్కడ అది అస్సలు వద్దు. ప్లేట్‌లెట్లు తక్కువున్న మనిషికి కండలో సూది వేస్తే లోపల రక్తం కారి గడ్డలా పేరుకుంటుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు, మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్ వాడుతున్నవాడి కిడ్నీలను దెబ్బతీస్తాయి. స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లలో ఒళ్లు కాలకపోవచ్చు కూడా. చలితో వణుకు, మగత, అయోమయం కనిపిస్తే థర్మామీటర్ ఏం చెప్పినా బయలుదేరండి.

కోటప్పకొండ నుంచి నరసరావుపేట 10-12 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి గుంటూరు 40 కిలోమీటర్ల పైనే. అర్ధరాత్రి ఎవరి కారు, ఏ ఆసుపత్రి, ఎవరు తోడు అన్నది జ్వరం రాకముందే తేల్చుకోండి. డిశ్చార్జి సమ్మరీ, మందుల చీటీ ఒక ప్లాస్టిక్ కవర్లో తలుపు వెనక తగిలించండి. ఆ కవరు మీద పెద్ద అక్షరాలతో ఒక మాట రాయండి: "రక్తం గానీ ప్లేట్‌లెట్లు గానీ ఎక్కించాల్సి వస్తే ముందు మార్పిడి డాక్టర్‌కు ఫోన్ చేయండి. రేడియేషన్ పెట్టినవే ఎక్కించాలి." మామూలు సంచిలో బతికున్న తెల్లకణాలు ఇలాంటి రోగి ఒంట్లో చేరి ప్రాణాంతకమైన దాడి చేయగలవు. చిన్న ఆసుపత్రుల్లో ఈ విషయం ఎప్పుడూ ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుందని అనుకోకండి. చెప్పాల్సింది మీరే.

జీవీహెచ్‌డీ చాలావరకు చిన్న గుర్తులతో మొదలవుతుంది, వాటిని ముందు చూసేది మీరే. అరిచేతులు, అరికాళ్లు, చెవుల దగ్గర ఎర్రబడి దురద పెడతాయి. మన ఎండల్లో దీన్ని చెమటకాయలనుకుంటారు. విరేచనాలు మొదలై రోజుకు నాలుగైదు సార్లు దాటుతాయి. తిన్నది పడలేదేమో అనుకుంటారు. కళ్లు పచ్చబడతాయి. పసరు మందు గుర్తొస్తుంది. ఈ మూడింట్లో ఏది కనిపించినా ఆ రోజే ఫోన్ చేయాలి, తొందరగా పట్టుకుంటే మందుకు లొంగుతుంది. మొదటి వంద రోజుల్లో ఎక్కువగా కనిపించేవి ఇవి. ఆ తర్వాత నెలల్లో వేరే రూపంలో రావచ్చు: కళ్లలో ఇసుక పడ్డట్టు మంట, నోరు ఎండిపోయి ముద్ద దిగకపోవటం, చర్మం బిగుసుకోవటం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆయాసాన్ని నీరసం కింద తీసేయకండి. ఎండ చర్మం మీద పడితే జీవీహెచ్‌డీ రేగే అవకాశం ఉంది. పల్నాటి ఎండ సంగతి చెప్పాలా, పొడుగు చేతుల చొక్కా, గొడుగు, తలపాగా లేకుండా బయటికి పంపొద్దు.

ఒక నోటుబుక్కు పెట్టండి. పొద్దున సాయంత్రం జ్వరం, బరువు, ఎన్నిసార్లు విరేచనం, ఏం తిన్నాడు, ఏ మాత్ర ఎప్పుడు వేశారు. రోజుకు అయిదు గీతలు చాలు. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు మన నోట్లోంచి "బానే ఉన్నాడండీ" అనే మాట తప్ప ఇంకేమీ రాదు, ఆ పుస్తకం మాట్లాడుతుంది.

మందుల్లో సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ అనేవి కొత్త కణాలను అదుపులో పెడతాయి. పన్నెండు గంటల తేడాతో సరిగ్గా అదే వేళకు వేయాలి. వాటి లెవెల్ చూడటానికి రక్తం తీసే రోజు పొద్దుట మాత్ర వేయకుండా వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చాక వేయాలి. ఇది మర్చిపోయి ఇంట్లోనే వేసేసి వెళ్లేవాళ్లు ఎందరో, ఆ రోజు పరీక్ష వృథా. చేతులు వణకటం, బీపీ పెరగటం ఈ మందులతో వస్తాయి. పంపరపనస తినకూడదు, అది రక్తంలో ఈ మందుల మోతాదును పెంచుతుంది. ఎవరో ఒకరు తిప్పతీగ కషాయం తెస్తారు, ఇమ్యూనిటీ పెరగాలి కదా అంటారు. ఇక్కడ డాక్టర్లు కావాలనే ఇమ్యూనిటీని తగ్గించి ఉంచుతున్నారు, కొత్త కణాలు రోగి మీద తిరగబడకుండా. దాన్ని రెచ్చగొట్టే మందు ఎంత మంచిదని పేరున్నా ఈ ఇంటికి విషమే.

తిండి గురించి ప్రతి ఆసుపత్రి ఒక జాబితా ఇస్తుంది, మీ ఆసుపత్రిదే మీకు ప్రమాణం. నా మాట ఒక్కటే, వేడిగా వండింది వేడిగానే పెట్టండి. పొద్దుటి కూర రాత్రికి వద్దు, రోడ్డు పక్క చెరుకురసం వద్దు, క్యాన్ నీళ్లయినా కాచి చల్లార్చాలి. నోరు పూసి, రుచి చచ్చిపోయి, అన్నం మట్టిలా ఉందంటాడు. నెలల తరబడి అలాగే ఉండొచ్చు. గోంగూర పచ్చడి వేసుకుంటే రుచి తెలుస్తుందేమో అనిపిస్తుంది మనకు. ఆ నోటికి కారం అగ్గిలా తగులుతుంది. మెత్తగా వండిన పప్పన్నం, ఉడికించిన గుడ్డు, ఇడ్లీ, కొంచెం కొంచెంగా ఆరుసార్లు. తినలేదని కేకలేయకండి.

ఇప్పుడు మొక్కు సంగతి. దీని గురించి ఎక్కువ చెప్పాలనుంది, ఎందుకంటే మన దగ్గర చాలా ఇళ్లలో జాగ్రత్త తప్పేది ఇక్కడే. ఆసుపత్రిలో కౌంటు పెరగక భయపడ్డ రాత్రి అమ్మ కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామికి మొక్కుకుంటుంది: బిడ్డ బతికి బయటపడితే శివరాత్రి తిరునాళ్లకు నడిపించుకుని వస్తాను, తలనీలాలు ఇప్పిస్తాను అని. బిడ్డ బతుకుతాడు. శివరాత్రి వస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కరెంటు దీపాల ప్రభలు కదులుతాయి. లక్షల జనం, మైళ్ల పొడవునా దుమ్ము, దగ్గేవాళ్లు, తుమ్మేవాళ్లు. గుండు గీసే కత్తి చర్మాన్ని కాస్త గీరినా, ప్లేట్‌లెట్లు తక్కువున్న తల నుంచి రక్తం ఆగదు, ఆ గాటులోంచి క్రిమి లోపలికి పోతుంది. కీమోతో రాలిన జుట్టు మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ మొలుస్తుంది, "పుట్టు వెంట్రుకలు స్వామికే ఇవ్వాలి" అని పట్టుబడతారు. తీర్థం కాచిన నీళ్లు కాదు. ప్రసాదం ఎప్పుడు వండిందో ఎవరికీ తెలియదు.

ఆ తల్లిని కోప్పడకండి. ఆ మొక్కే ఆమెను ఆ రాత్రి నిలబెట్టింది. ఆమెకు ఈ కొండ కథనే గుర్తు చేయండి. గొల్లభామ ఆనందవల్లి రోజూ కొండెక్కి స్వామిని సేవించేది. కడుపుతో ఉన్నాక ఎక్కలేకపోయి, ఇక నా వల్ల కాదు స్వామీ అని మొరపెట్టుకుంటే స్వామే ఆమె వెంట కిందికి బయలుదేరాడని మన స్థలపురాణం. ఎక్కలేని మనిషి కోసం దేవుడు కొండ దిగాడని చెప్పుకునే చోటు ఇది. ఒంట్లో కొత్త ప్రాణం మోస్తున్న బిడ్డ ఏడాది ఆగి వస్తే ఆ దేవుడికి కోపమొస్తుందని నేను నమ్మను. ఈ ఏడాది ఇంట్లోంచి ఒకరు వెళ్లి దణ్ణం పెట్టుకుని, తిరిగొచ్చి తలస్నానం చేసి, బట్టలు మార్చుకుని అతని గదిలోకి వెళ్తే చాలు. డాక్టరు సరేనన్నాక, తిరునాళ్ల రోజున కాకుండా ఒక మామూలు రోజు తెల్లవారుజామున, ఘాట్ రోడ్డు మీద కార్లో, మాస్కు పెట్టి తీసుకెళ్లండి. మొక్కు తీరుతుంది.

ఒంటి సంగతి ఇలా ఉంటే మనసు సంగతి ఇంకా లోతు. స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బుతుంది, నిద్ర పట్టదు, ఆకలి పెరుగుతుంది, షుగరు పెరుగుతుంది, చిన్నదానికే కోపం ముంచుకొస్తుంది. తొడ కండలు చిక్కి కింద కూర్చున్నవాడు లేవలేడు. ఎప్పుడూ గొంతెత్తని భర్త కంచం విసిరేస్తే ఆ కోపంలో సగం మాత్రది. అలాగని అంతా భరించమని చెప్పను. డాక్టరుకు చెప్పండి, మోతాదు, వేళ మార్చే వీలుంటుంది. సైక్లోస్పోరిన్‌తో ముఖం మీద వెంట్రుకలు మొలిస్తే ఆడపిల్ల అద్దం చూడటం మానేస్తుంది. అది మందు తగ్గాక పోతుందని ఆమెకు ఒక్కసారి కాదు, పదిసార్లు చెప్పాలి. లీసా రే స్టెరాయిడ్లతో ఉబ్బిన ముఖంతోనే 2009లో టొరంటో చిత్రోత్సవానికి వచ్చింది, అందంతో బతికే వృత్తిలో ఉండి కూడా. ఆలుమగల మధ్య ఎడం పెరగటం, ఆడవాళ్లకు ముట్లు ముందే ఆగిపోవటం, ఒళ్లు పొడిబారటం, పిల్లలు పుట్టకపోవచ్చనే దిగులు గురించి మన ఇళ్లలో ఎవరూ నోరు విప్పరు. వీటికి కూడా మందులున్నాయి, సలహా ఉంది. భార్యాభర్తలిద్దరూ కలిసి డాక్టరు గదిలోకి వెళ్లి అడగాలి.

కణాలిచ్చిన చెల్లెల్ని మర్చిపోవద్దు. ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో ఒక్కొక్కరి కణాలు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. అందుకే ఆమె దొరకటం ఆ ఇంటి అదృష్టం. నాలుగైదు రోజులు సూదులు వేయించుకుని, ఎముకల నొప్పులు ఓర్చుకుని ఇచ్చింది. ఇచ్చిన మూలకణాలు కొన్ని వారాల్లో ఆమె ఒంట్లో తిరిగి తయారవుతాయి. "మూలుగ ఇచ్చిన పిల్ల, రేపు పెళ్లయ్యాక నిలబడుతుందా, పిల్లలు పుడతారా?" అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా అక్కడే ఆపండి. ఆమె పెళ్లికి గానీ కాన్పులకు గానీ దీనివల్ల అడ్డేమీ లేదు. అన్నకు జీవీహెచ్‌డీ వస్తే "నా రక్తమే వాడిని కరుస్తుందా" అని ఆ పిల్ల లోపల కుమిలిపోవచ్చు. అది ఆమె తప్పు కాదని చెప్పాల్సింది కూడా మీరే.

డబ్బు గురించి ఒక్క మాట. మార్పిడి ఖర్చు అయ్యాక మందులు, పరీక్షలు, ప్రయాణాలు నెలనెలా ఉంటాయి. ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద ఏది వస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్లను అడగండి, ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకోవటానికి ప్రతి బిల్లూ దాచండి. డబ్బు చాలక మాత్రలు రోజు విడిచి రోజు వేస్తున్నామని డాక్టరు దగ్గర దాచిపెట్టకండి, ఆయనకు తెలిస్తే దారి వెతికే వీలుంటుంది.

మీ మాట చివరికి మిగిలింది, ఎప్పటిలాగే. రాత్రుళ్లు లేచి నుదురు తాకి చూస్తూ మీరు ఎన్ని నెలలుగా సరిగ్గా నిద్రపోలేదో ఎవరూ అడగరు. వారంలో ఒక రోజు, ఒక్క పూటైనా, గుమ్మం దగ్గర మీ చోట ఇంకొకరు నిలబడాలి. అతని అన్నకో మీ అక్కకో నోటుబుక్కు, థర్మామీటరు, ఫోన్ నంబరు అప్పగించి, 100.4 అంకె చూపించి, మీరు వెళ్లి నిద్రపోండి. ఎవరిని పిలవాలో ఈ రాత్రే అనుకుని, రేపు పొద్దున్నే ఫోన్ చేయండి.